బట్టమేక పోయింది సరే, పరిహారం ఎవరికి పోయింది?

నల్లరేగడి_నంద్యాల
పోయిన ఆదివారం మావాణ్ణి బండెక్కించుకుని రోళ్లపాడు అభయారణ్యానికి వెళ్లాను. గేటు దగ్గర బోర్డు మీద బట్టమేక పిట్ట బొమ్మ ఉంది. వాణ్ణి దాని పక్కన నిలబెట్టి ఫొటో తీశాను. అసలు పిట్టతో తీసే యోగం ఎలాగూ లేదు. రెండు గంటలు తిరిగాం. కృష్ణజింకలు మందలు మందలు. గడ్డిలోంచి ఒక నక్క తల పైకెత్తి చూసి మాయమైంది. పిట్ట లేదు. ఉండదని నాకు తెలుసు, వాడికే తెలియదు.

ఇంటికొచ్చాక నాకో డౌటు. మా పొలంలో పెద్ద లైను టవర్ వేసినప్పుడు నాలుగు కాళ్ల జాగాకి లెక్కగట్టి చెక్కు ఇచ్చారు. తీగ కింద కొట్టిన చెట్లకి విడిగా ఇచ్చారు, చింతకి ఒక రేటు, వేపకి ఒక రేటు. మరి అదే తీగకి తగిలి పిట్ట చస్తే? అది తిరిగే గడ్డి మీద సోలార్ పలకలు పరిస్తే? గనికో ఫ్యాక్టరీకో అడవి ఇస్తే బదులుగా మొక్కలు నాటిస్తారని విన్నాను. గడ్డి పోతే ఏం నాటిస్తారు? ఈ లెక్క ఎవరు కడతారో తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రిబస్సు
పిట్టకి ఆధార్ ఉండాలి, పాస్‌బుక్ ఉండాలి, కేవైసీ అయ్యుండాలి. లేకపోతే డబ్బు పడదు.

లెక్కల_మాస్టారు
అడవి భూమి వరకు లెక్క ఉంది. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అడవిని వేరే పనికి తీసుకుంటే ప్రధానంగా రెండు రకాల డబ్బు కట్టాలి. ఒకటి బదులు మొక్కల పెంపకానికి. అడవి కాని భూమి చూపిస్తే అంతే విస్తీర్ణంలో నాటాలి. క్షీణించిన అడవిలో నాటడానికి ఒప్పుకుంటే రెట్టింపు విస్తీర్ణంలో. రెండోది నికర ప్రస్తుత విలువ. ఆ అడవి ఇన్నేళ్లు ఇవ్వబోయే నీరు, గాలి, కట్టె అన్నిటికీ కలిపి హెక్టారుకి ఇంత అని. ఇదంతా బదులు మొక్కల పెంపకం కోసం పెట్టిన కంపా నిధిలో పడుతుంది. 2016లో దీనికి చట్టం వచ్చింది. 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి. 2019 ఆగస్టులో ఒక్క విడతలో రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగా ఇచ్చారు. కాబట్టి డబ్బు లేక కాదు.

పెద్ద ప్రాజెక్టులకి వన్యప్రాణి ప్రణాళిక అని ఇంకో షరతు కూడా పెడుతుంటారు. నేను చూసిన రెండు మూడు ప్రణాళికల్లో ఆ సొమ్ము నీటి తొట్లకి, వాచ్ టవర్లకి, జీపులకి రాసుంది. ఏ జంతువు పోతుందో దానికి ఏం కావాలో అన్న పేజీ ఉంటుంది, ఆ పేజీలో మాత్రం రూపాయలు ఉండవు.

నల్లరేగడి_నంద్యాల
మాస్టారూ, గడ్డి నేల అడవి కింద రాకపోతే?

లెక్కల_మాస్టారు
రాకపోతే సున్నా. అది రెవెన్యూ రికార్డులో బంజరు. బంజరు పోతే నష్టం ఏముంది అంటారు. పైగా 2006 పర్యావరణ మదింపు నోటిఫికేషన్ కింద సోలార్ ప్లాంటుకి ముందస్తు అనుమతి అక్కర్లేదు. అంటే అక్కడ ఏ పిట్ట ఉందో లెక్కపెట్టమని అడిగేవాడే ఉండడు.

సీమబిడ్డ77
బంజరు అని రాసినోడు ఎప్పుడైనా వానలు పడ్డాక వచ్చి చూశాడా? మా జీవాలన్నీ ఆ బంజరు మీదే బతికినాయి.

పిట్టలదొర
ఈ పేరు పెట్టుకున్నందుకు నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, భరించండి.

బట్టమేక మీటరు ఎత్తుండే పక్షి. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి చాలా తక్కువ. గుడ్డు సాధారణంగా ఏడాదికి ఒక్కటే, అదీ నేల మీద, గూడు కూడా కట్టదు. నక్క తిన్నా, కుక్క తిన్నా, గొర్రె తొక్కినా ఆ ఏడాది అయిపోయినట్టే. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా చూపు తక్కువ. ఎగిరేటప్పుడు కింద నేల చూసుకుంటూ పోతుంది. ముందు తీగ ఉందని దగ్గరికొచ్చాక కానీ తెలియదు, తెలిసినా అంత బరువుతో చటుక్కున తిరగలేదు. రాజస్థాన్ థార్‌లో ఒక్క కరెంటు తీగలకే ఏటా 18 దాకా చస్తున్నాయని భారత వన్యప్రాణి సంస్థ వాళ్ల అంచనా. దేశం మొత్తం మీద మిగిలినవే నూట యాభై లోపు. ఏడాదికి పద్దెనిమిది పోతే ఎన్నేళ్లకి అయిపోతాయో మాస్టారే చెప్పాలి.

రోళ్లపాడు సంగతికొస్తే, 1988లో అభయారణ్యం చేశారు. 614 హెక్టార్లు, అంతే. పిట్ట అందులోనే కూర్చోదు కదా, చుట్టూ జొన్న చేలు, కొర్ర చేలు దాని మేత. కాలువ నీళ్లొచ్చాక జొన్న, కొర్ర పోయి పత్తి, పొద్దుతిరుగుడు, పొగాకు వచ్చాయి. కంచె లోపల కాపాడారు, కంచె బయట దాని అన్నం పోయింది.

రాత్రిబస్సు
పేరుకి తగ్గట్టే ఉంది ఉపన్యాసం. అయినా మేకా పిట్టా అది? తేల్చండి.

పిట్టలదొర
ఎదురుగా చూస్తే పిట్ట, తూకం వేస్తే మేక.

కరెంటు_కామేశం
నేను సోలార్‌లోనే పనిచేస్తా, కాబట్టి తిట్టేవాళ్లు ముందే తిట్టేయండి. కానీ ఒక్క మాట. పాణ్యం దగ్గర గని, శకునాల ఊళ్ల మధ్య 1000 మెగావాట్ల పార్కు 2017లో మొదలైంది, దాదాపు ఆరు వేల ఎకరాలు. అంత కరెంటు బొగ్గుతో తీస్తే ఎంత బొగ్గు తవ్వాలి, ఎంత అడవి పోవాలి, ఎంత బూడిద చెరువు కట్టాలి, అది కూడా లెక్కలో వేయండి. ఎండలు ఇలా పెరిగితే పిట్ట కూడా బతకదు. ఇక్కడ పోస్టు పెట్టే అందరి ఇంట్లో ఏసీ ఉంది.

సీమబిడ్డ77
మా ఇంట్లో లేదన్నా. ఫ్యాను ఉంది, కరెంటు లేదు. 😀

గొర్రెలకాపరి_మనవడు
కామేశం గారూ, సోలార్ వద్దని ఎవరన్నారు? ఎక్కడ వేస్తున్నారన్నదే గొడవ. ఇళ్ల మీద వేయొచ్చు, కాలువల మీద వేయొచ్చు. జీవాలు మేసే చోటే ఎందుకు? ఎందుకంటే అక్కడ అడిగే పట్టాదారు ఉండడు.

మా తాత చెప్పేవాడు. కొర్ర చేలో గుంటక తోలుతుంటే పిట్ట లేవకుండా కూర్చుందట. ఎద్దులు పక్కకొచ్చినా లేవలేదట. దిగి చూస్తే కింద ఒక గుడ్డు, మట్టిరంగు మీద మచ్చలు. చుట్టూ నాలుగు బారలు వదిలేసి మిగతాది తోలాడట. ఆ నాలుగు బారల కొర్రలకి ఎవరూ పరిహారం ఇవ్వలేదు, ఈయనా అడగలేదు. ఇది మంచితనం అని చెప్పట్లేదు, పిట్ట ఉంటే మిడతలు తింటుందని ఆయన లెక్క ఆయనకుంది.

కరెంటు_కామేశం
కాలువల మీద వేస్తే ఖర్చు ఎక్కువ, ఇళ్ల మీద వేస్తే ఒక్కచోట అంత రాదు. ఇవి సాకులు కావు, టెండర్‌లో యూనిట్ రేటు పైసల్లో కొట్టుకుంటారు. తీగలు భూమిలో వేయమంటారు. చిన్న లైన్లకి కుదురుతుంది. 765 కిలోవోల్ట్ లైను భూమిలో వందల కిలోమీటర్లు వేసి చూపించండి, నేను ఉద్యోగం మానేస్తా.

హైకోర్టు_మెట్లు
ఇక్కడ కోర్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లో బట్టమేక తిరిగే చోట్ల తీగలు భూమిలో వేయమంది, అందాకా ఉన్న తీగలకి డైవర్టర్లు తగిలించమంది. డైవర్టర్ అంటే గాలికి తిరిగే బిళ్ల, పిట్టకి దూరం నుంచి మెరిసి కనిపిస్తుంది. కేంద్రం మళ్లీ కోర్టుకెళ్లి, ఇది దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లు, ఇంతలో తీగలు పాతిపెట్టడం అయ్యే పని కాదంది. 2024 మార్చిలో కోర్టు ఆ పాత ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ కూడా పౌరుల హక్కేనని అదే తీర్పులో ఉంది. కామేశం గారి వాదన అక్కడ నెగ్గిందనే అనుకోవచ్చు.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2025 డిసెంబరులో ఇంకో తీర్పు. రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లు ప్రాధాన్య ప్రాంతంగా ఖాయం చేశారు. నాకు ముఖ్యం అనిపించింది వేరే ముక్క. కంపెనీల సామాజిక బాధ్యత సొమ్ములో పర్యావరణ బాధ్యత కూడా ఇమిడి ఉంది, అంతరించిపోయే ప్రాణిని కాపాడటానికి కంపెనీ ఇచ్చేది దానం కాదు, రాజ్యాంగం ప్రకారం చేయాల్సిన పని అని. నంద్యాల గారి ప్రశ్నకి చట్టం దగ్గర ఉన్న జవాబు ఇప్పటికి ఇదే.

నల్లరేగడి_నంద్యాల
రాజస్థాన్, గుజరాత్. మన రోళ్లపాడు అందులో లేదన్నమాట.

హైకోర్టు_మెట్లు
ఆ ప్రాధాన్య ప్రాంతాల్లో లేదు. పిట్ట మిగిలిన చోటనే గీత గీస్తారు.

రాత్రిబస్సు
అంటే ముందుగా చచ్చినోడికి బీమా లేదు.

తోట_సుగుణ
నేను వేరే రాష్ట్రంలో నాటే కాంట్రాక్టరు దగ్గర మూడేళ్లు లెక్కలు రాశాను. పేరు చెప్పను. ఒక సైటు మరిచిపోలేను. నడుం దాకా గడ్డి, దాంట్లో కంజు పిట్టలు, ఒక చోట ఉడుము. దాన్ని "ఖాళీ స్థలం" అని రాసి, జేసీబీతో గడ్డి చెక్కేసి, రెండు మీటర్లకి ఒక గుంత తీసి కానుగ, సుబాబుల్ పెట్టారు. మూడో ఏడు తనిఖీకి వచ్చినప్పుడు బతికిన మొక్కలు లెక్కపెట్టారు. గడ్డి బతికిందా అని ఎవరూ అడగలేదు, ఫారంలో ఆ గడి లేదు. ఎక్కడో బొగ్గు గనికి పోయిన అడవికి అది బదులు. అడవీ పోయింది, ఇక్కడ గడ్డీ పోయింది, రిజిస్టర్‌లో మాత్రం రెండూ సమానం అయ్యాయి. ఆ కూడిక వేసింది నేనే.

లెక్కల_మాస్టారు
సుగుణ గారు చెప్పిందే అసలు విషయం. బట్టమేకకి చెట్టు శత్రువు. చెట్టుంటే దాని మీద డేగ కూర్చుంటుంది, చుట్టూ కనుచూపు మూసుకుపోతుంది. ఆ పిట్ట పేరు మీద డబ్బు వసూలు చేసి దాని నేలలో మొక్కలు నాటితే అది పరిహారం కాదు, రెండో దెబ్బ.

కడపోడు
అందరూ బట్టమేక అంటున్నారు, మా కలివికోడి పిట్టని మర్చిపోయారు. దానికైతే నిజంగానే పరిహారం ఇచ్చారు, ఆ కథ వినండి.

1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో మా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకి దొరికింది. వెతికి తెచ్చింది మా ఊరి వేటగాడే, రాత్రి టార్చిలైటుతో. పాపం ఆ పిట్ట బతకలేదు. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం చేశారు, 464 చదరపు కిలోమీటర్లు. తర్వాత తెలుగుగంగ కాలువ వచ్చింది. 2005లో యంత్రాలు కలివి పొదల్లోకి దిగాయి. పిట్ట మీద పరిశోధన చేసేవాళ్లు చూసి గోల చేస్తే సుప్రీంకోర్టు కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువ దారి మార్చాల్సి వచ్చింది, పిట్ట కోసం భూమి కొనాల్సి వచ్చింది.

పిట్టలదొర
ఇదే మంచి ఉదాహరణ. నాటడం కాదు, ముందు తప్పించడం. అది కుదరకపోతే తగ్గించడం, ఆఖరికి బదులు ఇవ్వడం. మనవాళ్లు ఆఖరి మెట్టు నుంచి మొదలుపెడతారు.

సీమబిడ్డ77
కాలువ దారి మళ్లితే మా నీళ్లు ఎన్నేళ్లు ఆలస్యం అయ్యాయి, అది ఎవరు లెక్కపెడతారు? కోర్టుకి పిట్ట కనబడుతుంది. ఎండిపోయిన బోరు కనబడదు. పిట్టంటే నాకూ ఇష్టమే, కానీ పరిహారం అనగానే రైతు గుర్తుకురాడు.

కడపోడు
నేనూ రైతునే తమ్ముడూ. దారి మారింది కానీ కాలువ ఆగలేదు. నీళ్లూ వచ్చాయి. పిట్టే రాలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇసుక పరిచి అడుగుల గుర్తులు చూశారు, కెమెరాలు పెట్టారు. లేదు. 2025 ఆగస్టులో ఒక రాత్రి కొందరు పక్షి ప్రేమికులకి కూత వినబడింది, రికార్డు చేశారు. అంతే, కూత.

గొర్రెలకాపరి_మనవడు
@సీమబిడ్డ77 రైతు గుర్తుకురాకపోతే పిట్టకే నష్టం. మధ్యప్రదేశ్‌లో కరేరా అని ఉంది, 1981లో బట్టమేక కోసమే అభయారణ్యం చేశారు. ఊళ్ల పొలాలు అందులోకి వచ్చాయి, అమ్ముకోవడానికి లేదన్నారు. పైగా జింకలు పెరిగి చేలు తిన్నాయి. జనానికి పిట్టంటేనే మంట పుట్టింది. తొంభైలు ముగిసేసరికి ఒక్క పిట్ట లేదు, తర్వాత అభయారణ్యం హోదా కూడా తీసేశారు. మా తాత వదిలిన నాలుగు బారలకి ఏడాదికి ఒక గింజల మూట ఇచ్చుంటే చాలు. వాచ్ టవర్ కంటే చవక.

సీమబిడ్డ77
దీనికి ఒప్పుకుంటా.

మోజావే_మూర్తి
కాలిఫోర్నియా నుంచి. ఇక్కడ ఐ-15 మీద వెగాస్ వెళ్తుంటే ఐవన్‌పా సోలార్ కనిపిస్తుంది, మూడు టవర్లు, చుట్టూ అద్దాలు, ఎండలో టవర్ కొన వైపు కళ్లు నిలవవు. అక్కడ ఎడారి తాబేళ్లు ఉన్నాయి. అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ బయటపడటంతో 2011లో పని కొంతకాలం ఆపేశారు. వాటిని పట్టి, పెంచి, వేరే చోట వదలడానికి కంపెనీకి 5 కోట్ల డాలర్ల పైన అయిందని వార్తలొచ్చాయి. ఇంకో పద్ధతి కూడా ఉంది, 1995 నుంచి. ఎవరైనా తన భూమిని ఆ ప్రాణికి శాశ్వతంగా వదిలేస్తే దానికి క్రెడిట్లు ఇస్తారు, బిల్డర్లు వాటిని కొనుక్కోవాలి. రైతుకి డబ్బు, ప్రాణికి జాగా.

రాత్రిబస్సు
మన దగ్గర ఇది పెడితే వారంలో బినామీ తాబేళ్లు వస్తాయి.

మోజావే_మూర్తి
ఇక్కడా అందరూ సంతోషంగా లేరు లెండి. తరలించిన తాబేలు పాత ఇంటికి నడిచి వెళ్లాలని చూస్తుంది. దానికి క్రెడిట్ సిస్టమ్ అర్థం కాలేదు.

కరెంటు_కామేశం
నేను మళ్లీ వచ్చా. మూర్తి గారి క్రెడిట్ లాంటిది పెడితే నా కంపెనీ రేపే కడుతుంది, నిజం. మాకు కావాల్సింది ఒక్కటే, ముందే చెప్పండి. ఇక్కడ వద్దు, అక్కడ వేసుకో అని మ్యాప్ ఇవ్వండి. భూమి కొని, లైను గీసి, బ్యాంకు లోను తెచ్చాక పిట్ట గుర్తుకొస్తే అందరికీ టెన్షనే.

లెక్కల_మాస్టారు
ఈ మాట మాత్రం బాగా చెప్పారు. ముందే మ్యాప్ గీస్తే పరిహారం ప్రశ్నే సగం తగ్గుతుంది.

నాగ్‌పూర్_రోడ్డు
కట్టి చూపించిన ఉదాహరణ కూడా ఒకటి వేసుకోండి. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ దాటి సివనీ వైపు వెళ్తే 44వ నంబరు హైవే పెంచ్ పులుల అడవిని కోసుకుంటూ పోతుంది. రోడ్డు వెడల్పు చేయడం మీద ఏళ్ల తరబడి కోర్టులో నలిగి, చివరికి మహారాష్ట్ర వైపు జంతువులు దాటడానికి తొమ్మిది చోట్ల రోడ్డును పైకి లేపారు, 50 మీటర్ల నుంచి 750 మీటర్ల దాకా. కింద నుంచి పులులు పోవడం కెమెరాల్లో పడింది. నేను లారీ తోలే రోజుల్లో అక్కడ హారన్ కొట్టేవాణ్ణి, ఇప్పుడు కింద ఏం పోతోందో తెలియకుండా పైన పోతున్నాం.

తోట_సుగుణ
పులికి అది కుదిరింది. ఎగిరే పిట్టకి తీగ కింద దారి వేయలేరు కదా.

పిట్టలదొర
అందుకే గుడ్లు తెచ్చి పొదిగిస్తున్నారు. జైసల్మేర్ దగ్గర సమ్‌లో 2019లో మొదలైంది, తర్వాత రామ్‌దేవ్‌రాలో ఇంకోటి. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో పిల్ల పుట్టింది. ఇప్పుడు కేంద్రాల్లో అరవై దాటాయి. ఎప్పటికైనా ఒక జంట రోళ్లపాడుకి రావచ్చు అని నా ఆశ. కానీ తెచ్చి ఎక్కడ వదులుతారు? చుట్టూ కొర్ర చేను లేదు, పైన తీగలున్నాయి.

మోడరేటర్
ఏ పార్టీ కాలువ తవ్వింది, ఏ పార్టీ సోలార్ తెచ్చింది అని మూడు పోస్టులు వచ్చాయి, తీసేశాను. పిట్ట మీద మాట్లాడండి.

నల్లరేగడి_నంద్యాల
అందరూ చదివినట్టే నేనూ మొత్తం చదివాను. నిన్న సాయంత్రం ఊరికే ఉండలేక మా పొలం మీదుగా పోయే లైను వెంట రెండు కిలోమీటర్లు నడిచాను. హైకోర్టు_మెట్లు గారు చెప్పిన తిరిగే బిళ్లలు ఉన్నాయేమో చూద్దామని. ఒక్కటి లేదు. టవర్ దగ్గర ఏదో పని చేస్తున్న ఒకాయన కనబడితే ఫోన్‌లో ఫొటో చూపించి అడిగాను.

రాత్రిబస్సు
ఇక్కడ పిట్టే లేనప్పుడు బిళ్ల ఎందుకు సార్ అన్నాడా?

నల్లరేగడి_నంద్యాల
అదే అన్నాడు. అక్షరం మార్చకుండా.